సిజేరియన్ కోతలు తగ్గాలంటే ముందుగా మారవలసిందేమిటి?

తెలంగాణ ఆరోగ్య, వైద్య, కుటుంబ సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రుల యాజమాన్యాలకు, స్త్రీ వైద్య నిపుణులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారాలు. ప్రభుత్వ ఆసుపత్రుల కాన్పు గదుల్లో పనిచేసి పదవీ విరమణ పొందిన స్టాఫ్ నర్సులం, ఏఎన్ఎంలం కొందరం కలిసి గత ఏడాది మా జిల్లా అధికారులకు ఒక వినతిపత్రం ఇచ్చాం. ఏ ఆసుపత్రిలో ఎన్ని కాన్పులు జరుగుతున్నాయో, వాటిలో ఎన్ని సిజేరియన్లో ప్రజలకు తెలిసేలా ప్రకటించాలన్నది అందులోని ప్రధాన కోరిక. 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆ కాగితం ఏ బల్ల మీద ఉందో చెప్పగలిగినవారు మాకు దొరకలేదు. అందుచేత అదే విషయాన్ని మరికొంత వివరంగా, ఈసారి అందరికీ వినిపించేలా మీ ముందు పెడుతున్నాను.

మీరు సాధించిన మంచిని గుర్తించకుండా ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతుండగా తెలంగాణలో ఆ సంఖ్య 43. దీని వెనుక వైద్యుల శ్రమ ఉంది, ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఉంది, ఆశా కార్యకర్తల కాళ్ల అరుగుదల ఉంది. సకాలంలో చేసిన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది. ఆ విషయంలో మాకు ఎవరితోనూ పేచీ లేదు.

పేచీ ఉన్నది ఈ అంకెల దగ్గర. 2019లో మన రాష్ట్రంలో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందు అయిదేళ్లలో జరిగిన ప్రతి 100 కాన్పుల్లో 60.7 సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అవి 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. దేశ సగటు 21.5. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 42.4. మన ఆడవాళ్ల కటి ఎముకలు దేశంలోని మిగతా ఆడవాళ్ల ఎముకల కంటే మూడు రెట్లు ఇరుకైనవని ఏ వైద్యశాస్త్రమూ చెప్పలేదు. జనాభా మొత్తం మీద సిజేరియన్లు 10 శాతం దాటిన తర్వాత, ఆ పెరుగుదల వల్ల తల్లుల మరణాలు గానీ శిశువుల మరణాలు గానీ తగ్గుతున్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో స్పష్టంగా ప్రకటించింది.

ఈ మాట ఎత్తినప్పుడల్లా మాకు రెండు జవాబులు వస్తాయి. అధికారులను అడిగితే డాక్టర్లు మారరంటారు. డాక్టర్లను అడిగితే జనం మారరంటారు. ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోము, ఎందుకంటే ఇంతకంటే పెద్ద మార్పు మా ఉద్యోగ కాలంలోనే మా కళ్ల ముందు జరిగింది. 2005-06 నాటి మూడో సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు 64 శాతం మాత్రమే. అయిదో సర్వే నాటికి తెలంగాణలో అవి 97 శాతం. ఇంటి మూలన మంత్రసాని చేతుల్లో జరిగే కాన్పు పదిహేనేళ్లలో ఆసుపత్రికి తరలిపోయింది. ఆడవాళ్లకు ఎవరో హితబోధ చేస్తే జరిగిన తరలింపు కాదిది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చి చేతికి కొంత డబ్బు ఇచ్చింది. అదే ఏడాది మొదలైన 108 వాహనం అర్ధరాత్రి గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. ఊరి మనిషే ఆశా కార్యకర్తగా వెంట వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఖర్చు భయం, దారి భయం, కొత్త చోటి భయం తీరాక రమ్మని ఎవరినీ బతిమాలవలసిన అవసరం రాలేదు.

2017లో వచ్చిన కేసీఆర్ కిట్ పథకం ఇంకో పాఠం చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే ఆడపిల్లకు 13,000 రూపాయలు, మగపిల్లవాడికి 12,000 రూపాయలు ఇస్తామన్నారు. సర్వే లెక్కలోకి వచ్చిన అయిదేళ్లలో ఆ పథకం అమల్లో ఉన్నది సుమారు రెండేళ్లే. అయినా అంతకు ముందు సర్వేలో మూడో వంతుకు కూడా చేరని ప్రభుత్వ ఆసుపత్రి కాన్పులు దాదాపు సగానికి పెరిగాయి. కానీ అదే కాలంలో ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సిజేరియన్లు కూడా దాదాపు 40 శాతం నుంచి 44.5 శాతానికి పెరిగాయి. కుటుంబానికి డబ్బు ఇచ్చి చోటు మార్చగలిగారు. లోపల కాన్పు గదిలో పని నడిచే తీరును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, కనుక అది మారలేదు.

ఆ తీరు ఎలా ఉంటుందో లోపల పనిచేసినదాన్ని కాబట్టి చెప్పగలను. తొలిచూలు గర్భిణికి నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ బయటపడేదాకా పన్నెండు గంటలు పట్టవచ్చు, అంతకు మించీ పట్టవచ్చు. ఆపరేషన్‌కు గంట చాలు. పగలంతా ఓపీ చూసి, సాయంత్రం ఇంకో ఆసుపత్రికి వెళ్లవలసిన డాక్టరుకు ఈ రెండింటిలో ఏది సులువో వేరే చెప్పనక్కర్లేదు. ప్రైవేటులో సిజేరియన్ ప్యాకేజీ మామూలు కాన్పు ధర కంటే బాగా ఎక్కువ. అంటే ఓపికగా ఎదురుచూసినందుకు తక్కువ, తొందరపడినందుకు ఎక్కువ చెల్లించే ఏర్పాటును మనమే చేసి పెట్టుకున్నాం. భయం సంగతి వేరే. ఆపరేషన్ చేసినందుకు డాక్టరును నిలదీసినవారిని నేను చూడలేదు. చేయనందుకు, ఆలస్యమైనందుకు అద్దాలు పగలగొట్టినవారిని చూశాను. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందకి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. అది రోగికి అవసరమైన రక్షణే. అయితే ఆ రక్షణ పక్కన, వేచి చూసిన డాక్టరుకు అండగా నిలిచే రికార్డు లేకపోతే ఆ భయం కత్తి వైపే నెడుతుంది.

ఆ రికార్డుకే పార్టోగ్రాఫ్ అని పేరు. బిడ్డ గుండె చప్పుడును అరగంటకోసారి, గర్భసంచి ద్వారం తెరుచుకునే తీరును నాలుగు గంటలకోసారి గుర్తిస్తూ పోవలసిన గీతల కాగితం అది. కాన్పు సాగుతోందా, నిలిచిందా అన్నది ఆ గీతే చెప్పాలి. రాత్రి డ్యూటీలో ఒకే నర్సు, నొప్పులతో నలుగురు ఆడవాళ్లు, మధ్యలో పక్క వార్డు నుంచి పిలుపు ఉంటే ఆ గీత ఎవరు గీస్తారు? తెల్లవారాక, కాన్పు అయిపోయాక, ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో, ఒక్క ఊపులో నింపిన పార్టోగ్రాఫ్‌లు నేను లెక్కలేనన్ని చూశాను. ఆ కాగితం తల్లినీ కాపాడదు, డాక్టరునూ కాపాడదు.

కుటుంబాల పాత్రను దాచిపెట్టడం నా ఉద్దేశం కాదు. జ్యోతిష్యుడు రాసిచ్చిన ముహూర్తం చీటీ పట్టుకుని, ఫలానా నక్షత్రంలో ఇన్ని గంటలకు బిడ్డను తీయాలని అడిగే తల్లిదండ్రులు, అత్తమామలు మన రాష్ట్రంలో కొల్లలు. కూతురి అరుపులు వినలేక 'ఆపరేషన్ చేసెయ్యండమ్మా' అని కాళ్లు పట్టుకునే తల్లులు కూడా ఉన్నారు. అయితే అడిగిన ప్రతిదీ ఇవ్వడం వైద్యం కాదు. అడిగినవాళ్లకు ఎదురు చెప్పడానికి కావలసిన అండను వ్యవస్థ డాక్టరుకు ఇవ్వడం లేదన్నదే ఇక్కడి అసలు సమస్య.

ఈ ఏర్పాటు వల్ల మామూలు ఆడవాళ్ల మీద పడుతున్న భారం ఇది:

1. మా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో బీడీలు చుట్టే బాలింత ఒళ్లో చేట పెట్టుకుని, ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటే గానీ రోజు కూలి గిట్టదు. కుట్ల మీద ఒత్తిడి పడే భంగిమ సరిగ్గా అదే. పత్తి ఏరేవాళ్లకు, ఉపాధి పనికి వెళ్లేవాళ్లకు బరువు ఎత్తవద్దన్న సలహా కాగితం మీద రాసి ఇస్తారు. ఆ నెలల కూలి ఎవరు ఇస్తారో మాత్రం ఆ కాగితంలో ఉండదు. ఆమెను చూసుకోవడానికి వచ్చిన తల్లి కూలి కూడా పోతుంది. ప్రైవేటు ఆసుపత్రి బిల్లుకు కుదువ పెట్టిన పుస్తెలతాడు రెండో కాన్పు నాటికి కూడా విడిపించుకోలేనివాళ్లు నాకు తెలుసు.

2. మొదటిది కోత అయితే రెండోదీ కోతే అన్నది మన ఆసుపత్రుల్లో రాయని నియమం. తగిన వసతులున్న చోట, జాగ్రత్తగా ఎంచుకున్న స్త్రీలకు రెండో కాన్పు మామూలుగా చేయవచ్చు, కానీ ఆ ప్రయత్నం చేసేవారు అరుదు. కోతలు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ (ప్లసెంటా) పాత కోత మచ్చ మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అలా అతుక్కున్న మాయ ఊడిరాకపోతే రక్తం వరదలా పోతుంది, ఒక్కోసారి గర్భసంచినే తీసేయవలసి వస్తుంది. రక్తనిధి లేని పట్టణంలో అది జరిగితే ఏమవుతుందో ఈ లేఖ చదివే వైద్యులకు నేను చెప్పనక్కర్లేదు.

3. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న బిడ్డలు తెలంగాణలో పదిమందిలో నలుగురు కూడా లేరని అదే సర్వే చెబుతోంది. దీనికి సిజేరియన్లు ఒక్కటే కారణం కాదు. అయితే తల్లి థియేటరులో, బిడ్డ బయట బంధువుల చేతుల్లో ఉన్నప్పుడు ఆ మొదటి గంట గడిచిపోవడం మేము రోజూ చూసినదే. ముహూర్తం కోసం 39 వారాలు నిండకముందే తీసిన బిడ్డల్లో కొందరికి ఊపిరి సరిగా అందక 'బాక్సులో' పెట్టవలసి వస్తుంది. ఆ ఖర్చు జ్యోతిష్యుడు భరించడు.

4. నిజంగా ఆపరేషన్ కావలసిన తల్లి వంతు వచ్చేసరికి థియేటరు ఖాళీ ఉండదు, మత్తు డాక్టరు దొరకడు. ముందే రాసిపెట్టుకున్న కోతల వరుస అయ్యేదాకా ఆమె ఆగాలి.

5. మామూలు కాన్పులు తక్కువగా చూసిన యువ వైద్యులు, యువ నర్సులు తయారవుతున్నారు. కష్టమైన కాన్పును చేత్తో నెట్టుకురాగల నేర్పు ఒక తరంతో పోతే మళ్లీ సంపాదించడం తేలిక కాదు.

మార్పు సాధ్యమేనా అని అడిగేవారికి బ్రెజిల్‌ను చూపిస్తాను. అక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో సిజేరియన్లు మన ప్రైవేటు ఆసుపత్రుల్లాగే 80 శాతం పైన ఉండేవి. 2015లో అక్కడి ఆరోగ్య బీమా నియంత్రణ సంస్థ, గర్భిణి అడిగితే ఏ ఆసుపత్రిలో, ఏ డాక్టరు చేతిలో ఎంత శాతం సిజేరియన్లో చెప్పి తీరాలని బీమా కంపెనీలను ఆదేశించింది. అదే ఏడాది మొదలైన మరో కార్యక్రమంలో చేరిన ఆసుపత్రులు, గర్భిణిని మొదటి నుంచీ చూసిన డాక్టరే వచ్చి కాన్పు చేయాలన్న పద్ధతిని సడలించి షిఫ్టుల్లో పనిచేసే బృందాలను, కాన్పు నర్సులను ముందుకు తెచ్చాయి. తమ అంకెలను క్రమం తప్పకుండా తామే చూసుకుంటూ వచ్చాయి. మొదట చేరిన ఆసుపత్రుల్లో ఐదింట ఒక వంతు దగ్గర ఉన్న మామూలు కాన్పులు సుమారు రెండేళ్లలో మూడింట ఒక వంతుకు పెరిగాయి. అద్భుతమేమీ జరగలేదు. అవే ఆసుపత్రుల్లో పని పంపకం మారింది, అంకెలు కళ్ల ముందుకు వచ్చాయి. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 32 ఆసుపత్రుల్లో జరిపిన ప్రయోగంలో, సిజేరియన్లను తోటి వైద్యులు సమీక్షించి ఫలితాలను తిరిగి ఆ బృందానికే చెప్పే పద్ధతి వల్ల సిజేరియన్లు కొద్దిగానైనా తగ్గాయి, బిడ్డలకు హాని పెరగలేదు. ఆ తగ్గుదల చిన్నదే. ఏ ఒక్క ఉపాయమూ దానంతటది సరిపోదని కూడా అది చెబుతోంది.

మా డిమాండ్లు ఇవి:

1. ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నెలవారీ కాన్పులను, సిజేరియన్లను నోటీసు బోర్డు మీద తెలుగులో రాయాలి. శాఖ వాటిని ఆసుపత్రివారీగా ప్రచురించాలి. ఈ లెక్కలు నెలనెలా ప్రభుత్వానికి చేరుతూనే ఉన్నాయి కాబట్టి దీనికి కొత్తగా ఖర్చు లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో ఉన్న ఆసుపత్రులు ఈ వివరాలు ప్రదర్శించాలని 2017లోనే ఆదేశం వచ్చింది. దానికి దారి తీసినది ఒక సాధారణ మహిళ మొదలుపెట్టిన సంతకాల అర్జీ అన్నది మీరు గమనించాలి.

2. మొత్తం శాతం ఒక్కటే ప్రకటిస్తే అన్యాయం జరుగుతుంది. ప్రమాదకరమైన కేసులు చేరే పెద్దాసుపత్రి ఊరికే చెడ్డపేరు మోస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన, గర్భిణులను పది వర్గాలుగా విభజించే రాబ్సన్ పద్ధతిలో లెక్కలు ఇవ్వాలి. ముఖ్యంగా తొలిచూలు, ఒకే బిడ్డ, తల కిందికి ఉండి, నెలలు నిండి, నొప్పులు వాటంతటవే వచ్చిన స్త్రీలలో ఎంతమందికి కోత పడుతోందో విడిగా తెలియాలి. ఆ మొదటి కోత తప్పితే తర్వాతి కోతలు చాలావరకు తప్పుతాయి.

3. దయచేసి కోటాలు పెట్టవద్దు. ఫలానా శాతానికి దించాలని కలెక్టరు సమీక్షలో ఒత్తిడి పెడితే, కింద కాన్పు గదిలో అవసరమైన ఆపరేషన్ ఆలస్యమవుతుంది. ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ, టెల్ఫర్డ్ ఆసుపత్రులపై 2022లో వచ్చిన ఆకెండెన్ నివేదిక, సిజేరియన్ల శాతం తక్కువగా ఉంచాలన్న పట్టుదల కూడా తల్లులకు, బిడ్డలకు హాని చేసిందని తేల్చింది. అక్కడి ఆరోగ్య సేవల సంస్థ ఆ శాతాన్ని పనితీరుకు కొలమానంగా వాడడం మానేయమని ఆదేశించింది. మన ప్రభుత్వం 2022లో మామూలు కాన్పులకు ప్రకటించిన ప్రోత్సాహకాన్ని కూడా ఈ కోణంలో తిరిగి పరిశీలించాలి. డబ్బు ఇవ్వదలిస్తే సరిగా నింపిన పార్టోగ్రాఫ్‌కు, సరైన సమయంలో తీసుకున్న నిర్ణయానికి ఇవ్వండి. కాన్పు ఏ దారిన అయిందన్నదానికి ఇవ్వకండి.

4. అత్యవసరం కాని ప్రతి సిజేరియన్‌కూ రెండో వైద్యుని అభిప్రాయం లిఖితంగా ఉండాలి. నెలకోసారి జిల్లా స్థాయిలో తోటి వైద్యులే కూర్చుని కేసులు సమీక్షించాలి. ఆ సమావేశంలో శిక్షలు ఉండకూడదు. శిక్ష ఉంటే కాగితాలు అందంగా తయారవుతాయి, అంతకు మించి ఏమీ జరగదు.

5. ప్రైవేటు ఆసుపత్రుల్లో కాన్పు ఏ దారిన జరిగినా ఒకే ప్యాకేజీ ధర ఉండే పద్ధతిని ఒక జిల్లాలో ప్రయోగించి చూడాలి. రుసుము సమానం చేస్తే ఫలితం ఉంటుందనడానికి ఆధారాలు ఇంకా చాలవని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018 మార్గదర్శకాల్లో చెప్పింది కనుక, రాష్ట్రమంతా ఒకేసారి పెట్టమని మేము అడగడం లేదు. ప్రయోగాన్ని నిజాయితీగా కొలిచి, ఫలితం ఏదైనా బయటపెట్టండి.

6. కాన్పు శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సులను కాన్పు గదిలోనే ఉంచాలి. 2017లో ఈ శిక్షణ మొదలుపెట్టి దేశానికి దారి చూపిన రాష్ట్రం మనది, ఆ మరుసటి ఏడాదే కేంద్రం జాతీయ మార్గదర్శకాలు తెచ్చింది. అలా తయారైన నర్సును జ్వరాల వార్డుకో, రిజిస్టర్లు రాయడానికో పంపిస్తే ఆ శిక్షణ వృథా. నొప్పులు పడుతున్న స్త్రీ పక్కన ఆమె కోరుకున్న ఒక ఆడమనిషిని ఉండనివ్వాలి. ఆమెను లేచి నడవనివ్వాలి, మంచినీళ్లు తాగనివ్వాలి.

7. వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు ముహూర్తం సిజేరియన్ చేయకూడదని స్పష్టమైన ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశం ప్రతిని ప్రతి ఓపీ గది గోడకు అంటించాలి. 'నేను చేయను' అని చెప్పడం ఇబ్బందిగా ఉన్న డాక్టరుకు 'ప్రభుత్వం చేయనివ్వదు' అని చెప్పడం తేలిక.

8. వైద్య సిబ్బందిపై దాడులను నివారించడానికి 2008లో చేసిన చట్టాన్ని అమలు చేయాలి. ప్రమాణాల ప్రకారం వేచి చూసి, రికార్డు సక్రమంగా రాసిన వైద్యురాలికి కష్టం వస్తే శాఖ ఆమె పక్కన నిలబడాలి.

ప్రైవేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రభుత్వ ఆదేశం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. ఒక్క ఆసుపత్రి స్వచ్ఛందంగా తన అంకెలను గుమ్మం దగ్గర రాసిపెడితే, పక్క వీధిలోని ఆసుపత్రికి వెళ్లిన గర్భిణి అక్కడ కూడా అవే అడుగుతుంది. మీ వృత్తి సంఘాలలోని పెద్దలు, యువ వైద్యులు గౌరవించే సీనియర్లు ముందుగా తమ లెక్కలు బయటపెడితే మిగతావారు అనుసరించడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా మొదటి, రెండో డిమాండ్లపై శాఖ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. అంగీకరిస్తే, వచ్చే నెల లెక్కలతోనే మొదటి పట్టిక ప్రచురించాలి. అంగీకరించకపోతే ఏ కారణంతో నిరాకరిస్తున్నారో రాయండి. జవాబు రాని పక్షంలో ఇదే సమాచారాన్ని సమాచార హక్కు చట్టం కింద ప్రతి జిల్లా నుంచి విడివిడిగా కోరి, వచ్చినదాన్ని వచ్చినట్టు ప్రజలకు అందిస్తాం.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
తోటి విశ్రాంత నర్సుల, ఏఎన్ఎంల తరఫున,
ఉత్తర తెలంగాణ